సాయిబు తాగడు, కారు తాగుతుంది

నరసరావుపేటలో ఒక కారు రోజుకొక సీసా సారా తాగుతుండడం రెండు నెలల కిందట ఒక మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు నా కళ్ళారా చూశాను.

పాఠకులు కంగారు పడకూడదు. తాగుతున్నది డ్రైవరు కాదు, యజమాని కాదు, కారే. బానెట్ కింద దానికని ఒక ట్యాంకు, ఒక పంపు, ఒక సన్నటి గొట్టం ఉన్నాయి. వేగం పెరిగి గొంతు ఆరినప్పుడల్లా అదే పోసుకుంటుంది. నంజుకోవడానికి ఏమీ అడగదు.

కలికాలం అంటారా? నేను అనను. ఇది వరం అంటాను! దేశంలో ఉన్న ప్రతి వాహనానికీ వెంటనే తాగుడు అలవాటు చెయ్యాలి. ఆలస్యమైన ప్రతి రోజూ జాతికి నష్టమే. ఆ సంగతి ఇప్పుడు నిరూపిస్తాను. ఇరవై రెండేళ్ళుగా వారపత్రికల్లో వారానికొక హత్య చొప్పున చేయిస్తున్నవాణ్ణి. నిరూపించడం నాకు కొత్త కాదు.

ముందు కారు సంగతి. అది కంట్రాక్టరు శ్రీమన్నారాయణగారిది. మాచర్ల వైపు ఆయనకు సున్నపురాయి క్వారీలున్నాయి. పేటలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ సారా దుకాణాలు కూడా వేలంపాటలో ఆయనకే దక్కాయి. కిందటేడు మద్రాసు హార్బరులో కస్టమ్స్‌వాళ్ళు వేలం వేస్తుంటే ఈ జపాను కారు కొనుక్కొచ్చారు. ఎర్రటి రంగు, మోకాలెత్తు. అందులోకి ఎక్కడం కుదరదు, దిగాలి. బయటికి రావాలంటే ఎక్కాలి.

సీట్లు రెండే. పల్నాటి పెద్దమనిషికి రెండు సీట్ల కారంటే ఎంత కష్టమో ఆలోచించండి. వెంట కనీసం ఎనిమిదిమంది లేకపోతే ఆయన పెద్దమనిషని ఎవరికి తెలుస్తుంది? అందుకని కారు వెనకాల ఎనిమిదిమందితో ఒక జీపు నడిచేది. గంటకు రెండు వందల కిలోమీటర్లు పోగల కారు ఆ జీపుకోసం ముప్ఫైలో పోయేది. అయినా దుమ్ము మాత్రం రెండు వందలదే లేచేది.

ఆ కారు ఒకరోజు టకటకమని శబ్దం చేసింది. మెకానిక్ మీరా సాహెబ్ షెడ్డుకు తీసుకొచ్చారు.

మీరా సాహెబ్ గుంటూరు నుంచి మాచర్ల దాకా ముప్ఫై ఏళ్ళుగా లారీ ఇంజన్లు విప్పి బిగించినవాడు. ఈ ఇంజను విప్పి లోపల పిస్టన్లు లేవని చూసి, మద్రాసులో ఎవరో కొట్టేశారనుకున్నాడు. ఎవరూ కొట్టేయలేదు. ఆ రకం ఇంజనుకు పిస్టన్లు ఉండవు. వాటి బదులు సమోసా ఆకారంలో ఒక ఇనుప దిమ్మె గుండ్రంగా తిరుగుతుంటుంది. దాని మూడు మూలల్లోనూ గోరంత మందం పట్టీలు. ఇంజను ప్రాణమంతా ఆ పట్టీల్లోనే ఉంది.

దీనికి తోడు టర్బో. అంటే ఇంజను వదిలేసిన పొగ ఊరికే పోదు. పోతూ పోతూ ఒక పంకాను తిప్పుతుంది. ఆ పంకా బయటి గాలిని ఇంజన్లోకి ఒత్తి కుక్కుతుంది. రిటైరైన ఆఫీసరు మర్నాడే సలహాదారుగా తిరిగొచ్చి అదే కుర్చీని తిప్పినట్టన్నమాట.

అంత గాలి కుక్కినప్పుడు పెట్రోలు నాణ్యంగా ఉండాలి. మనకు దొరికే పెట్రోల్లో పెట్రోలు కూడా కొంత ఉంటుందని నేను వాదించగలను గాని, జపాను ఇంజనుతో వాదించలేను. అది వేళకు ముందే భగ్గుమంటుంది. అదే టకటక. టకటక ముదిరితే పట్టీలు విరుగుతాయి. విరిగితే కొత్తవి జపాను నుంచి రావాలి.

కారు అరలో ఒక పాత ఇంగ్లీషు పత్రిక దొరికితే మీరా సాహెబ్ దాన్ని నా దగ్గరికి తెచ్చాడు. అందులో వైద్యం రాసి ఉంది. టర్బో గాలి ఒత్తినప్పుడు సగం నీళ్ళు, సగం ఆల్కహాలు కలిపి మంచుతుంపరలా ఇంజన్లోకి కొడితే లోపల చల్లబడి టకటక ఆగుతుందట. యుద్ధకాలంలో విమానాలకు ఇదే పోశారట. నేను తెలుగులో చెప్పాను. ఆయన మర్నాటికల్లా తయారుచేశాడు. అద్దం కడగడానికి కారులో ఉన్న నీళ్ళ ట్యాంకు, దాని పంపు అలాగే వాడాడు. తుంపరకోసం పత్తి రైతులు పురుగుమందు కొట్టే స్ప్రేయర్ నుంచి నాజిల్ ఊడదీసి బిగించాడు. పత్తికి పడితే పురుగు చస్తుంది, ఇంజనుకు పడితే ప్రాణం నిలుస్తుంది!

మొదటి ప్రయోగం మా ఊరి ఆసుపత్రి కాంపౌండరు ఇచ్చిన స్పిరిట్ సీసాతో జరిగింది. కారు నకరికల్లు దాకా వెళ్ళి వచ్చింది. టకటక లేదు. జీపు మాత్రం సాయంత్రానికి వచ్చింది.

మరి రోజూ స్పిరిట్ ఎక్కడిది? లీటరు స్పిరిట్ కావాలంటే ఎక్సైజు ఆఫీసుకు మూడు కాపీల దరఖాస్తు పెట్టుకోవాలి, ఎందుకో చెప్పాలి, చెప్పినా నమ్మరు. సారా కావాలంటే గ్లాసు ఉంటే చాలు. కారుకు సారా అలవాటైంది అందుకే. దాన్ని తప్పుపట్టకండి. మన మనుషులకూ చాలామందికి అలాగే అలవాటైంది.

శ్రీమన్నారాయణగారు ఒకటే షరతు పెట్టారు. కారుకోసమని ఎవరికీ తెలియకూడదు. ఆయన కారు ఆయన కొట్లోనే తాగుతుందని తెలిస్తే ఊరు నవ్వుతుంది. కాబట్టి సాయిబే డబ్బా పట్టుకుని కొట్టుకు వెళ్ళి, తనకే అని చెప్పి తెచ్చుకోవాలి.

మీరా సాహెబ్ ఐదు పూటలా నమాజు చేసే మనిషి. దగ్గు మందులో స్పిరిట్ ఉంటుందని దగ్గుతూనే బతికేసే మనిషి. ఆయన మూడురోజులు ఆలోచించాడు. చేతిలో రోగి ఉన్నప్పుడు మందు ఎక్కడి నుంచి తెచ్చావని దేవుడు అడగడని తేల్చుకున్నాడు. నాలుగోరోజు తెల్లటోపీ తీసి జేబులో పెట్టుకుని సారా కొట్టు ముందు వరసలో నిలబడ్డాడు. కొట్టు మనిషి గురునాథం ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడట. తరవాత డబ్బా నింపాడట.

ఇప్పుడు వాదనకు వస్తాను.

మనిషి తాగితే నలుగురు మోసుకుపోవాలి. కారు తాగితే అదే ఇద్దర్ని మోసుకుపోతుంది. ఏది లాభం?

ఒకడు సాయంత్రం పూట తాగే సారాను లారీకి పోస్తే లారీ మాచర్ల వెళ్ళి వస్తుంది. అదే సారా వాడికి పోస్తే సొంత వీధి చివరిదాకా రాడు. వచ్చినా సొంత ఇంట్లోకి వెళ్ళడు.

ఆర్టీసీ బస్సు కారంపూడి దారిలో ఎత్తు ఎక్కలేక ఆగిందనుకోండి. ఇప్పుడేం చేస్తున్నాం? ఆడవాళ్ళను, పిల్లలను దింపి మగవాళ్ళం నెడుతున్నాం. వాహనాలకు తాగుడు వస్తే ఈ బాధ ఉండదు. కండక్టరు టోపీ తిరగేసి పట్టుకుంటాడు. ప్రయాణికులు చంకసంచుల్లో ఉన్నది తలా కాస్త పోస్తారు. బస్సు ఎత్తు ఎక్కుతుంది, ప్రయాణికులు తేరుకుంటారు. ఒక్క దెబ్బకు రెండూ దారికొస్తాయి!

ఎన్నికల సంగతి చూడండి. ఓటరుకు సారా పోయిస్తే తాగి, మూతి తుడుచుకుని, ఎదుటివాడికి ఓటేసి వస్తున్నాడు. ఇంత కృతఘ్నత వాహనంలో ఉంటుందా? పోసినంత తాగుతుంది, తిప్పినవైపు తిరుగుతుంది. అలాంటి ఓటరుకోసమే గదా మన పార్టీలు ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాయి? విజయపురి సౌత్‌లో డ్యాము జీపులన్నిటికీ ఓటుహక్కు ఇస్తే ఫలితం ముందు రోజే ప్రకటించవచ్చు. పేపరు, సిరా ఆదా.

ఇంతకన్నా పెద్ద విషయం, తాగుబోతుల ప్రవర్తనకు ఇది మేలుబంతి. కారు తాగి పాడదు, తిట్టదు, పక్కింటి గోడ దూకదు. దాన్ని చూసి మనుషులు నేర్చుకోవచ్చు. నిజానికి మావాళ్ళు అప్పుడే నేర్చుకున్నారు కూడా. పూర్వం మా ఊళ్ళో తాగినవాడు రెండు వీధులు వినిపించేలా పద్యాలు పాడేవాడు. కత్తి తెమ్మనేవాడు. ఇప్పుడో? మూడేళ్ళుగా ఎంత క్రమశిక్షణ! రెండు గ్లాసులు తాగుతారు, ఉన్నచోటనే పడుకుంటారు. మర్నాడు మధ్యాహ్నానికి లేస్తారు. గొడవ లేదు, కేసు లేదు. పోలీసు స్టేషన్లో పేకముక్కలు అరిగిపోతున్నాయి. ఇది జాతి శీలం పెరగడం కాకపోతే మరేమిటని నేను ఒక సభలో కూడా ప్రశ్నించాను. చప్పట్లు కొట్టారు.

ఇంతవరకు నా వాదనకు ఎదురులేదు. ఎదురు మీరా సాహెబ్ ఇంట్లోంచి వచ్చింది.

ఆయన భార్య బషీరున్నీసా నలుగురి నోటా విన్నది. నమ్మలేదు. స్వయంగా వచ్చి సారా కొట్టుకు ఎదురుగా ఉన్న గాజుల అంగడిలో కూర్చుంది. టోపీ జేబులో పెట్టుకుని వరసలో నిలబడ్డ మొగుణ్ణి చూసింది. అరవలేదు. గాజులు కూడా కొనలేదు. ఇంటికి వెళ్ళి ట్రంకుపెట్టె సర్దుకుని, కారంపూడిలో అన్న అబ్దుల్ జబ్బార్ ఇంటికి బస్సెక్కింది. వెళ్తూ ఒక్క మాటే అన్నదట. పాతికేళ్ళు సంసారం చేశాను గనక అబద్ధం చెప్పొద్దు, నిజం చెప్పగలిగిన రోజున వచ్చి పిలవమని.

నిజం చెప్పడానికి ఆయనకు వీల్లేదు. కంట్రాక్టరుగారికి మాట ఇచ్చాడు. మాట తప్పితే మెకానిక్‌గా చెడతాడు, తప్పకపోతే మొగుడిగా చెడతాడు. నేను ముప్ఫై నవలల్లో కథానాయకులను పాడుబడ్డ బావుల్లోకి తోశాను గాని ఇంత ఇరుకు బావిలోకి ఎవర్నీ తొయ్యలేదు.

అదే వారంలో కారు కూడా ఎదురు తిరిగింది. తుంపర పడినప్పుడు ఇంజను దగ్గుతోంది. కాసేపటికి తుంపరే పడక టకటక కొడుతోంది. స్పిరిట్ పోసినప్పుడు లేని రోగం సారాతో వచ్చింది.

శ్రీమన్నారాయణగారు షెడ్డుకు వచ్చి, ట్యాంకులో వేలు ముంచి వాసన చూసి, ఎనిమిదిమంది వింటుండగా తీర్పు చెప్పారు.

"స్పిరిట్ పోస్తే పరిగెత్తింది, సారా పోస్తే దగ్గుతోంది. మధ్యలో ఏముంది? నీ గొంతు ఉంది సాయిబూ. డబ్బా నువ్వు ఎత్తుతున్నావు, ట్యాంకులో నీళ్ళు పోస్తున్నావు."

కారు తాగే రహస్యం అంతటితో బయటపడింది. సాయిబును మాట మీద నిలబెట్టిన మనిషే నవ్వుతూ దాన్ని వదిలేశాడు. ఊరు కారును చూసి నవ్వలేదు. సాయిబును చూసి నవ్వింది. కారు వాటా కూడా తాగేసే మెకానిక్ అన్నారు. మసీదులో ఆయన పక్కన కూర్చునేవాళ్ళు జానెడు ఎడంగా జరిగారు. కారంపూడి నుంచి కబురు వచ్చింది. ఇంక పిలవడానికి కూడా రావద్దని.

ఆ సాయంత్రం నేను షెడ్డుకు వెళితే మీరా సాహెబ్ నాజిల్‌ను గుండుసూదితో పొడుస్తూ కూర్చున్నాడు.

"రైటరుగారూ, మీరూ అదే అనుకుంటన్నారా?" అన్నాడు.

నేను అనుకోవడం లేదన్నాను. నిజం చెప్పాలంటే కొంచెం అనుకున్నాను. ఆయనకు అది తెలిసింది. నాజిల్‌ను నా అరచేతిలో బోర్లించి కొట్టాడు. తెల్లటి పిండి ముద్ద పడింది.

మాది సున్నపురాయి దేశం. ఇక్కడ నీళ్ళు కాగబెడితే గిన్నె అడుగున గోడ లేస్తుంది. సారాలో ఆయన కలిపే గ్లాసుడు నీళ్ళలో సున్నం ఉండి ఉంటుందన్నాను. తనూ మొదట అలాగే అనుకున్నాడట. వారం నుంచి బ్యాటరీలో పోసే నీళ్ళు తప్ప వేరే ముట్టుకోవడం లేదట. అయినా పిండి తగ్గలేదు. అంటే అది నీళ్ళతో రావడం లేదు. సారాతో వస్తోంది.

డబ్బాలో మిగిలిన సారాను మూతలో పోసి అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టాడు. సారా అంటుకోవాలి. అంటుకోలేదు. పుల్లను ముంచితే పుల్లే చచ్చింది. అదంతా ఇంచుమించు నీళ్ళే. ఆయన పోసింది కాదు, కొట్లోంచే అలా వస్తోంది. ఇంతవరకు నాకూ అర్థమైంది.

అర్థం కానిది కోడి సంగతి. మూతలో సారా కింద ఒలికితే ఎదురింటి పిచ్చమ్మ కోడి వచ్చి నాలుగు గుటకలు వేసింది. రెండు అడుగులు నడిచింది. లారీ టైరుకు ఆనుకుని కూర్చుని కళ్ళు మూసింది. కదిపాం, లేవలేదు. నీళ్ళు చల్లాం, లేవలేదు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి లేచి ఏమీ జరగనట్టు గింజలు ఏరుకుంది.

అగ్గి అంటుకోనంత నీళ్ళ సారా. దానికి కోడి దాదాపు ఒక రోజు పడిపోవడమేమిటి?

అది పడి ఉండగానే ఆ రాత్రి పిచ్చమ్మ కోడికోసం వచ్చి దాన్ని చూసి నోరు నొక్కుకుంది. ఆమె భర్త బ్రహ్మయ్య శ్రీమన్నారాయణగారి క్వారీలో రాయి కొడతాడు.

"మా ఆయనా అచ్చం ఇట్టాగే పడుకుంటాడన్నా. తలకాయ ఒక పక్కకేసి, నోరు తెరుచుకోని. లేపితే లేవడు. ఇదివరకు తాగొచ్చి కొట్టేవోడు. ఇప్పుడు కొట్టడం మానేశాడు గదా అని దణ్ణం పెట్టుకుంటన్నా గానీ, వారంలో మూడురోజులు పనిలోకి పోడంలా. మొన్న పొద్దున సుత్తి ఎత్తబోతే చెయ్యి వణికి కాలి మీదేసుకున్నాడు."

మీరా సాహెబ్ కోడిని చూశాడు, అరచేతిలో పిండిని చూశాడు. నన్ను చూడలేదు. నేనొక సభలో మాట్లాడానని ఆయనకు తెలుసు.

మర్నాడే ఆయన కారంపూడికి మనిషిని పంపాడు. పిలవడానికి కాదు. శనివారం ఉదయం షెడ్డు దగ్గర నలుగురు పెద్దమనుషులు కూర్చుంటున్నారు, తన తాగుడు సంగతి తేలుస్తున్నారు, బావమరిది సాక్షిగా రావాలి అని. శ్రీమన్నారాయణగారికీ కబురు పెట్టాడు. తాగినట్టు తేలితే షెడ్డుకు తాళం వేసి తాళంచెవి ఆయన చేతికే ఇస్తానన్నాడు.

మా ఊళ్ళో పంచాయితీ అంటే పెళ్ళికన్నా ముందు వెళ్తారు. శనివారం తొమ్మిదింటికే షెడ్డు నిండింది. అబ్దుల్ జబ్బార్ ఒక టైరు మీద కూర్చున్నాడు. బషీరున్నీసా రోడ్డు అవతల పిచ్చమ్మ ఇంటి అరుగు మీద నిలబడింది. శ్రీమన్నారాయణగారు కారులోంచి ఎక్కి వచ్చారు, జీపులోంచి ఎనిమిదిమంది దిగారు.

మీరా సాహెబ్ ప్రమాణాలేవీ చెయ్యలేదు. నాజిల్ విప్పి, అందరి ముందూ పెట్రోలుతో కడిగి బిగించాడు. ట్యాంకు ఖాళీ చేసి బోర్లించి చూపించాడు. తరవాత చాలా మర్యాదగా ఒక కోరిక కోరాడు. తాను డబ్బా ముట్టుకోడు. గురునాథమే కొట్టుకు వెళ్ళాలి. జనానికి ఏ కుండలోంచి పోస్తున్నాడో ఆ కుండలోంచే పోసుకుని తన చేత్తోనే తేవాలి. పక్కన జబ్బార్ నడవాలి. దాన్ని గురునాథమే ట్యాంకులో పొయ్యాలి. అప్పుడు తాను కారును నకరికల్లు దాకా, టర్బో ఒత్తిడి చివరి గీత మీద ఉంచి, ఎక్కడా తగ్గించకుండా కొట్టి చూపిస్తాడు. సారా నిజంగా సారా అయితే కారుకు చీమ కుట్టదు. అప్పుడు తాగింది తానే.

పెద్దమనుషులు ఇది న్యాయంగా ఉందన్నారు. న్యాయంగా ఉన్నదాన్ని శ్రీమన్నారాయణగారు కాదనలేకపోయారు. గురునాథం ఆయన ముఖం వైపు చూశాడు. ఆయన ముఖం జబ్బార్ వైపు ఉంది. ఇద్దరూ వెళ్ళారు, డబ్బాతో వచ్చారు, పోశారు. మీరా సాహెబ్ కారులోకి దిగి తాళం తిప్పాడు.

శ్రీమన్నారాయణగారు గడియారం చూసుకుని రాహుకాలం అన్నారు.

"పదిన్నరకి పోద్ది, కూచుందాం" అని మీరా సాహెబ్ ఇంజను ఆపేశాడు.

అందరం కూర్చున్నాం. టీలు వచ్చాయి. ఎండ పెరిగింది. రాహుకాలం అంత నెమ్మదిగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. శ్రీమన్నారాయణగారు మూడుసార్లు బానెట్ ఎత్తి చూసి మూశారు. కారుకు ఈ వేళ బాగాలేదేమోనన్నారు. మరో రోజు చూసుకుందామన్నారు. సాయిబు మంచివాడే, ఇంతటితో వదిలేద్దామని కూడా అన్నారు. మీరా సాహెబ్ టీ గ్లాసు కింద పెట్టి, వదిలేస్తే తన ఇల్లాలు కూడా తనను వదిలేస్తుందని మాత్రం అన్నాడు. అరుగు మీద బషీరున్నీసా కొంగు సర్దుకుంది.

పదిన్నర అయింది. ఇంజను లేచింది. మీరా సాహెబ్ గేరు వేసి రోడ్డు మీదికి మలిపాడు. మలపగానే శ్రీమన్నారాయణగారు పరిగెత్తి వెళ్ళి, రెండు చేతులూ చాచి తన కారుకు తనే అడ్డంగా నిలబడ్డారు. పల్నాట్లో కార్లకు అడ్డం నిలబడటం కొత్త కాదు. సొంత కారుకు నిలబడటం మాత్రం మొదటిసారి చూశాను.

"ఎందుకాపాలో చెప్పండి. మా ఆడోళ్ళు వింటన్నారు" అన్నాడు మీరా సాహెబ్, ఇంజను ఆపకుండానే.

మిగతా విషయాలు ఇక్కడే చెప్పేస్తాను. కంట్రాక్టరుగారి మాటల తరవాత నా మాటలకు చోటుండదు. బషీరున్నీసా ఆయన మాట సగంలో ఉండగానే అరుగు దిగి తమ ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. జబ్బార్ బావ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఎక్సైజువాళ్ళు కొట్టును పరీక్షించారు. వాళ్ళు పరీక్షించిన కుండలోది చాలా బాగుందట. కొట్టు నడుస్తూనే ఉంది. పిచ్చమ్మ మొగుడు మునుపట్లాగే అక్కడే తాగుతున్నాడు, మునుపట్లాగే పడుకుంటున్నాడు. కారుకు మాత్రం ఎక్సైజు ఆఫీసు నుంచి నెలకు పది లీటర్ల స్వచ్ఛమైన స్పిరిట్‌కు లైసెన్సు వచ్చింది. దరఖాస్తుకు మూడు కాపీలు కూడా అడగలేదట.

అందుకే అంటున్నాను, వాహనాలు తాగాలి. మూడేళ్ళుగా వందలమంది మనుషులు తాగి ఇవ్వలేకపోయిన ఫిర్యాదును ఒక్క కారు ఒక్క వారంలో ఇచ్చింది! అది దగ్గితే పెద్దమనుషులు కూర్చున్నారు. మనిషి దగ్గితే ఎవరు కూర్చున్నారు? నా వాదనకు చివరి సాక్ష్యంగా శ్రీమన్నారాయణగారు కారు ముందు నిలబడి చెప్పింది చెప్పినట్టు ఇస్తున్నాను. ఒక్క ముక్క దిద్దలేదు.

"నువ్వు తాగలా సాయిబూ. ఆ సంగతి నాకు మొదట్నించీ తెలుసు. నీళ్ళు కలిపిచ్చింది నేనే. కుండకి రెండు కుండలు. నేనొక్కణ్ణే కలుపుతున్నానా? నీళ్ళైతే జనం ఊరుకోరు గదా, మత్తెక్కలేదని కొట్టు మీదికొస్తారు. అందుకని నిద్దరమాత్రలు తెప్పిచ్చి నూరి కలపమన్నా. మూడేళ్ళ నించీ కలుపుతానే ఉన్నారు. నా క్వారీలో వాళ్ళే తాగుతున్నారు, ఒక్కడు ఒక్క మాట అనలా. తాగుతారు, పడుకుంటారు. లేచినోళ్ళు పన్లోకొస్తారు. లేవకపోతే వాడి బదులు ఇంకోడు వస్తాడు, మా ఊళ్ళో మనుషులకేం కరువు? ఈ కారుకైతే నేనేం చెయ్యను? దీంట్లో పట్టీ ఇరిగిందనుకో, జపాను నించి రావాల. దిగు సాయిబూ, నీకు దణ్ణం పెడతా, ఇంజను ఆపు."